పళ్లెం కింది చప్పుడు

టక్. టక్. టక్. టక్.

ఆ చప్పుడు వినగానే ముద్దాయి తల ఎత్తింది.

రెండు రోజులుగా ఎత్తని తల అది. గద్దించినా ఎత్తలేదు, బతిమాలినా ఎత్తలేదు. "నువ్వేనా చంపింది?" అంటే నేలచూపులు. "నువ్వు కాదా మరి?" అన్నా అవే నేలచూపులు. అలాంటి మనిషి ఇప్పుడు బేడీలున్న చేతులు ముందుకు చాచి, "ఆపండి. ముందు దాన్ని ఆపండి," అంది.

హెడ్ కానిస్టేబుల్ రికార్డ్ ప్లేయర్ మీద నుంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. స్వాధీనం చేసుకునే ప్రతి వస్తువూ పనిచేస్తోందో లేదో రాయాలి. అందుకని మీట తిప్పి చూశాడు, అంతే.

"నోరు పెగిలిందే," అన్నాడు. "మనిషి పోతే రాని మాట మిషన్ కోసం వచ్చింది."

"మావయ్యగారి మిషన్ అలా కొట్టుకోదు," అందామె. "దానికేదో అయింది."

ఇన్‌స్పెక్టర్ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. మూడు రాత్రుల నిద్ర బాకీ. కళ్లు మండుతున్నాయి. ఆ గదిలో కుర్చీ ఒక్కటే ఉంది. అది చచ్చిపోయిన పెద్దాయనది. దాని చుట్టూ సుద్దగీత. కూర్చోకూడదు. దాన్ని చూసినప్పుడల్లా ఆమె కాళ్లు మరింత పీకుతున్నాయి.

గోడ గడియారంలో పన్నెండూ నలభై. కోర్టు ఇచ్చిన కస్టడీ ఇవాళ్టితో సరి. నాలుగింటికి ముద్దాయిని మళ్లీ కోర్టులో పెట్టాలి. పై ఆఫీసర్ పొద్దున్నే ఫోన్ చేశాడు.

"తేలిపోయిన కేసమ్మా. ఇంక సాగదీయకు."

నిజమే. తేలిపోయిన కేసే.

చనిపోయినాయన ఒకప్పుడు స్టూడియోలో పాటలు రికార్డు చేసిన మనిషి. వీధంతా ప్లేట్ల తాత అనేవాళ్లు. గదిలో మూడు గోడలకి పాత గ్రామఫోన్ ప్లేట్లే, ఒక్కో పక్క ఇరవై నిమిషాలు మోగే పెద్దవి. మేడ మీద ఒక్కడే ఉండేవాడు. కింద పెద్ద కొడుకు కాపురం. భార్య పుట్టింటికి వెళ్లడంతో వారంగా అతనూ ఒంటరే. చిన్న కొడుకు పోయి నాలుగేళ్లయింది. ఆ చిన్న కొడుకు భార్యే ఇప్పుడు బేడీలతో నిలబడ్డ మనిషి. రెండు వీధుల అవతల ఉంటూ రోజూ మావగారికి క్యారియర్ తెచ్చేది.

సోమవారం ఉదయం ఎనిమిదింటికి పెద్ద కొడుకు స్టేషన్‌కి ఫోన్ చేశాడు. నాన్న తలుపు తీయడం లేదని. తలుపు లాగితే దానంతట అదే పడే లాక్. పగలగొట్టి చూస్తే కుర్చీ పక్కన వెల్లకిలా శవం. తల వెనక దెబ్బ. ఇనుప బీరువా అంచుకి ఎండిన రక్తం. ఎవరో తోశారు. పడ్డాడు. మళ్లీ లేవలేదు.

ఎప్పుడు?

డాక్టర్ చేతులెత్తేశాడు. మూసిన గది, మండే ఎండలు. శనివారం రాత్రి మొదలు ఆదివారం రాత్రి దాకా ఎప్పుడైనా కావచ్చన్నాడు.

టైమ్ తేల్చింది పాట. ఆదివారం సాయంత్రం ఆరూ పదికి మేడ మీద పాట మోగింది. కింద వరండాలో కూర్చున్న పెద్ద కొడుకు విన్నాడు. అతని స్నేహితుడు ఆడిటర్ విన్నాడు. పది నిమిషాల్లో పాట ఆగింది. ఆ వెంటనే చిన్న కోడలు కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగింది. అది కూడా ఇద్దరూ చూశారు. రెండో తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. అంతకు రెండు రోజుల ముందు ఆమెకీ మావగారికీ పెద్ద గొడవైంది. ఇంకేం కావాలి?

అన్నీ అతికినట్టు సరిపోయాయి. ఈ చప్పుడు ఒక్కటే ఎక్కడా అతకడం లేదు.

"ఇదివరకు ఈ చప్పుడు లేదా?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"లేదండి."

"నీకెలా తెలుసు?"

"పోయిన నెలే కొత్త రబ్బరు వేయించారు. మెత్తటిది. శుక్రవారం నేనే ప్లేటు పెట్టాను. పళ్లెం తిరుగుతోందో లేదో చూస్తే గానీ తెలియనంత సైలెంటుగా ఉంది."

"నిన్ను ముట్టుకోనిచ్చేవారా?"

"నన్నొక్కదాన్నే."

మెట్ల మీద చెప్పుల చప్పుడు. పెద్ద కొడుకు పైకొచ్చాడు. యాభై ఏళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా. కళ్ల కింద నల్లటి చారలు.

"ఇంకెంతసేపు మేడమ్? ముప్పై ఏళ్లుగా నా నెత్తి మీద మోగింది ఈ మిషన్. నాన్నతోనైనా ఈ మోత పోతుందనుకున్నాను."

మరదలి వైపు చూడలేదు. ఆమె తల మళ్లీ కిందికి వాలింది. బావగారి ముందు మాట్లాడి ఎరగదు.

"కింద ఉండండి. పిలుస్తాను," అంది ఇన్‌స్పెక్టర్.

ఇన్‌స్పెక్టర్‌కి పాటల మీద మోజు లేదు. ఆమె మొగుడికి ఉంది. ఇరవై రెండేళ్లుగా వాళ్ల భోజనాల బల్ల మీద ఏదో ఒక పాత టర్న్‌టేబుల్ పొట్ట విప్పుకుని పడి ఉంటుంది. డ్యూటీ నుంచి వచ్చి మూకుడు కోసం వెతికితే మోటార్ దొరుకుతుంది. సగం నిద్రలో ఉన్నా వదలకుండా ఆయన చెప్పే పాఠాలు, వద్దన్నా చెవిలో పడి ఎక్కడో పేరుకున్నాయి. ఇష్టం లేకుండా వచ్చిన విద్య.

ఆమె షూ విప్పేసి నేల మీద చతికిలబడింది. ఎలాగూ కుర్చీ లేదు.

"హెడ్డుగారూ, స్పీకర్లు ఆపేయండి. సూది ఎత్తే ఉంచండి. ఇప్పుడు తిప్పండి."

టక్. టక్. టక్.

"చప్పుడు ప్లేటులో లేదు. పాటలో లేదు. మిషన్‌లోనే ఉంది."

"మోటార్ పోయిందేమో మేడమ్. వయసైపోయిందిగా. నాకూ మోకాళ్లు ఇలాగే అంటాయి."

"మోటార్ పోతే గుయ్యిమంటుంది, ఇలా ఆగి ఆగి కొట్టదు. ఆ సుద్దముక్క ఇటివ్వండి."

పళ్లెం అంచు మీద ఒక గీత పెట్టింది. గీత ఒక చుట్టు తిరిగి వచ్చేలోపు చప్పుడు ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టింది. ఐదు. మళ్లీ లెక్కపెట్టింది. ఐదే.

తప్పు పళ్లెంలో ఉంటే చుట్టుకి ఒక్కసారే కొట్టాలి. మోటార్‌లో ఉంటే లెక్కకందకూడదు. పళ్లెం కన్నా చిన్నది, మోటార్ ఇరుసు కన్నా పెద్దది, రెంటికీ మధ్య తిరిగేది ఒక్కటే ఉంది.

మిషన్ ఆపించి, రెండు చేతులతో పళ్లెం ఎత్తి పక్కన పెట్టింది. అడుగున అరచేతిలో ఇమిడేంత రబ్బరు చక్రం. మోటార్ ఇరుసు తిరిగితే ఆ చక్రం తిరుగుతుంది, చక్రం తిరిగితే పళ్లెం తిరుగుతుంది. దాని అంచు మీద వేలు పెట్టి మెల్లగా తిప్పింది. నున్నగా జరిగింది. జరిగింది. జరిగి ఒకచోట వేలు పడింది.

గుంత. సన్నటి సొట్ట. పక్కనే ఉన్న మోటార్ ఇరుసు ఎంత లావుందో, సరిగ్గా అంత వెడల్పు.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసింది.

"తిన్నావా?" అన్నాడు మొగుడు.

"లేదు. ఒక డౌట్ అడగాలి."

"ఒంటిగంటవుతోంది. తినకుండా డౌట్లేంటి?"

"రబ్బరు చక్రానికి గుంత ఎందుకు పడుతుందండీ?"

పెళ్లయ్యాక ఆవిడ అలాంటి ప్రశ్న అడగడం ఇదే మొదలు.

"నీ ఒంట్లో బాగానే ఉందా?"

"చెప్పండి."

ఇక ఆయన్ని ఆపడం కష్టం. "మీట ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ చక్రం ఇరుసుకి గట్టిగా నొక్కుకుని ఉంటుందోయ్. తిరుగుతున్నంతసేపూ ఏం కాదు. ఆగిపోయి కూడా అలాగే నొక్కుకుని ఉందనుకో, ఇరుసు తగిలే చోట సొట్ట పడుతుంది. అందుకే మీట ఆఫ్ చేయాలి. చేస్తే చక్రం పక్కకి తప్పుకుంటుంది. నేను నీకు ఎన్నిసార్లు..."

"చెప్పారు. కానీ సోమవారం మేం వచ్చేసరికి మీట ఆఫ్‌లోనే ఉంది. సూది ఉండే ఆర్మ్ వెనక్కెళ్లి దాని చోట అది ఉంది. పాట అయిపోగానే తనంతట తనే ఆగే రకం ఇది."

"అయితే ఒక్కటే దారి. పాట నడుస్తుండగా కరెంటు పోవాలి. చాలాసేపు రాకూడదు. మీట ఎవరూ ముట్టుకోకూడదు."

"చాలాసేపంటే?"

"పాత రబ్బరైతే వారాలు. కొత్త మెత్తటి రబ్బరు, పైగా ఈ ఎండలు. ఒక రాత్రి, ఒక పగలు చాలు."

"తర్వాత కరెంటు వస్తే?"

"వస్తే ఏముంది? మోటార్ తిరుగుతుంది. పాట ఎక్కడాగిందో అక్కణ్నుంచి మొదలవుతుంది. మొదట గొంతు బొంగురుగా మూలిగి, స్పీడు అందుకున్నాక సర్దుకుంటుంది."

ఇన్‌స్పెక్టర్ వీపు నిటారైంది. నిద్ర ఎటు పోయిందో తెలీదు.

"నేనొచ్చి సన్నటి గరుకు కాగితంతో రుద్దుతాను. తిప్పుతూ రుద్దితే గంటలో సాఫైపోతుంది, చప్పుడు..."

"వద్దు. దాన్ని బాగు చేయకూడదు," అంది. "ఇప్పుడు నాకున్న సాక్షి ఇదొక్కటే."

ఫోన్ పెట్టేసి చిన్న కోడలి వైపు తిరిగింది.

"పాట మధ్యలో కరెంటు పోతే మీ మావయ్యగారు ఏం చేసేవారు?"

"ముందు మీట తిప్పేవారండి. చీకట్లో తడుముకుంటూనైనా వెళ్లి తిప్పేవారు. ఒకసారి స్నానం మధ్యలో కరెంటు పోతే తువ్వాలు చుట్టుకుని పరిగెత్తుకొచ్చారు." ఆమె పెదవి ఒకపక్కకి కదిలింది. నవ్వు కాబోయి ఆగిపోయింది. "నాకు నేర్పిన మొదటి పాఠం అదే."

"ఆదివారం తాళంచెవి నీ దగ్గరే ఉందిగా. తలుపు తీసుకుని లోపలికెందుకు వెళ్లలేదు?"

ఆమె పగిలిన తలుపు వైపు చూసింది.

"వేరే ఊళ్లో నాకు ఉద్యోగం వచ్చిందండి. ఈ నెలాఖరుకి చేరాలి. శుక్రవారం చెప్పాను. పోతే పో, మళ్లీ ఈ గుమ్మం ఎక్కకు అన్నారు. నేనూ మాట తూలాను. శనివారం రాలేదు. ఆదివారం మనసాగక వచ్చాను. లోపల పాట వినిపిస్తోంది. తలుపు కొట్టాను. పిలిచాను. పాట అయిపోయింది. మళ్లీ కొట్టాను. మనిషి లోపల ఉండి తీయకపోతే, తాళం పెట్టుకుని దూరతానా? క్యారియర్ గుమ్మంలో పెట్టి దిగిపోయాను."

ఇన్‌స్పెక్టర్ లేచింది. మోకాళ్లు కలుక్కుమన్నాయి.

"హెడ్డుగారూ, సోమవారం ఈ మేడ మీది వంటింట్లో టీ పెట్టుకోబోయి గొణిగారు, ఏంటది?"

హెడ్ కానిస్టేబుల్ గతుక్కుమన్నాడు. "తప్పే మేడమ్. ఆకలేసి..."

"అది కాదు. పాలకేమైంది?"

"విరిగిపోయాయి. ఫ్రిజ్‌లో పెట్టినవే. ప్యాకెట్టు మీద మంగళవారం దాకా బాగుంటాయని ఉంది కూడా."

"కరెంటాఫీసుకి ఫోన్ చేయండి. శనివారం రాత్రి, ఆదివారం ఈ వీధిలో కరెంటు పోయిందేమో కనుక్కోండి. ఆ ఆడిటర్‌ని రమ్మనండి."

ఆమె ఒక్కతే కిందికి దిగింది. మెట్ల దారి పట్టపగలే చీకటి గుయ్యారం. లైటు వేసుకుని దిగాల్సిందే. అడుగున, పెద్ద కొడుకు గది తలుపు పక్కనే మెయిన్ బోర్డు. నాలుగు స్విచ్‌లు. మూడింటి మీద దుమ్ము మందంగా పేరుకుని ఉంది. నాలుగోదాని మీద దుమ్ము లేదు. వేలి మురికితో నల్లబడి, మెరుస్తోంది.

"ఇది దేనిది?"

పెద్ద కొడుకు గుమ్మంలోంచి చూశాడు. "మేడ లైను. మెట్ల లైటు కూడా దాని మీదే. మేం ఎప్పుడూ ముట్టుకోం."

ఆమె ఆ స్విచ్‌ని మరోసారి చూసి వరండాలోకి నడిచింది.

రెండున్నరకి ఆడిటర్ వచ్చాడు. బొద్దుగా, చెమటలు కక్కుతూ. వరండాలో నిలబెట్టే అడిగింది.

"ఆదివారం ఎన్నింటికి వచ్చారు?"

"ఐదున్నర."

"మీ స్నేహితుడు మీ దగ్గర్నుంచి కదిలాడా?"

"లేదండి. అదే చెప్పాగా అప్పుడే."

"అసలు లేవలేదా?"

"లేచాడు గానీ, అదేం లేవడం? బాత్రూమ్‌కని నేను మెట్ల పక్కగా వెళ్తూ, లైటు వెలగట్లేదేంటయ్యా అన్నాను. వచ్చి ఏదో నొక్కాడు. అర నిమిషం."

"లైటు వెలిగిందా?"

"వెలిగింది. అప్పుడేగా పైన పాట కూడా..." ఆడిటర్ ఆగాడు.

"పాట కూడా?"

"మొదలైంది." చెమట తుడుచుకున్నాడు. "పెద్దాయన మొదలెట్టేశాడ్రా అన్నాన్నేను. వాడు బోర్డు మీద చెయ్యి అలాగే ఉంచి పైకి చూస్తూ నిలబడిపోయాడు. దెయ్యాన్ని చూసినట్టు."

"పాట మొదటి నుంచి వచ్చిందా?"

"లేదు. మధ్యలోంచి. జలుబు చేసినట్టు మూలిగి, తర్వాత సర్దుకుంది. ప్లేటు పాతదేమో అనుకున్నా."

"ఇవన్నీ మొన్న ఎందుకు చెప్పలేదు?"

"ఎన్నింటికి విన్నావని అడిగారు. ఎలా విన్నావని అడగలేదుగా."

ఇన్‌స్పెక్టర్ కళ్లు మూసుకుంది. ఆ ప్రశ్న అడగాల్సింది తనే.

మూడుంపావుకి అందరూ మేడ మీది గదిలో ఉన్నారు. పెద్ద కొడుకు కిటికీ దగ్గర. ఆడిటర్ గుమ్మంలో, పారిపోవడానికి వీలుగా. చిన్న కోడలు గోడవారగా, బేడీలతో. ఖాళీ కుర్చీ మధ్యలో.

"మేం పాటని నమ్మాం," అంది ఇన్‌స్పెక్టర్. "ఆదివారం సాయంత్రం పాట మోగింది కాబట్టి అప్పటికి పెద్దాయన బతికే ఉన్నాడనుకున్నాం. ప్లేటు వేయడానికి ఒక మనిషి కావాలిగా. కానీ ఆ పాట వేసింది ఆదివారం కాదు, శనివారం రాత్రి. వేసింది పెద్దాయనే. పాట నడుస్తుండగా ఎవరో వచ్చారు. మాటామాటా పెరిగింది. తోశారు. ఆయన పడిపోయాడు. పాట మాత్రం ఆగలేదు."

రబ్బరు చక్రం మీద వేలు పెట్టింది.

"ఆ తర్వాత మేడకి కరెంటు పోయింది. పోయిన మరుక్షణం పెద్దాయన మీట తిప్పాలి. అది ఆయన ప్రాణం. తిప్పలేదు. ఈ గుంతే సాక్ష్యం. అంటే కరెంటు పోయేసరికే ఆయన లేవలేని స్థితిలో ఉన్నాడు. రాత్రంతా, మర్నాడు పగలంతా ఈ చక్రం ఇరుసుకి నొక్కుకునే ఉంది. ఫ్రిజ్‌లో పాలు విరిగాయి. ఆదివారం ఆరూ పదికి మెట్ల లైటు కోసం స్విచ్ నొక్కితే, లైటుతో పాటు మిగిలిన పాట కూడా వచ్చింది. అయిపోయాక మిషన్ తనే ఆగింది. గదిలో బతికున్న మనిషి లేడు."

"ఊరంతా కరెంటు పోయి ఉండొచ్చుగా," అన్నాడు పెద్ద కొడుకు.

"పోలేదు సార్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "కరెంటాఫీసులో కనుక్కున్నాం. ఈ వీధిలో నిమిషం కూడా పోలేదు."

గోడవార నుంచి ఒక గొంతు.

"మేడమ్." చిన్న కోడలు. "అంటే ఆదివారం మావయ్యగారు... తలుపు తీయనన్నది కాదా?"

"తీయడానికి ఆయన లేరమ్మా."

ఆమె అలాగే గోడకి జారి కూర్చుండిపోయింది. రెండు రోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. లాకప్పుకి భయపడి కాదు, కోర్టుకి భయపడి కాదు, ఆమె నోరు మూసేసింది ఆ మూసిన తలుపు. ఇన్‌స్పెక్టర్‌కి ఇప్పుడు అర్థమైంది.

"హెడ్డుగారూ, బేడీలు తీసేయండి."

తాళంచెవి తిరిగిన చప్పుడు.

"తోయడం ఒక్క క్షణం కోపం కావచ్చు," ఇన్‌స్పెక్టర్ అలసటగా అంది. "దానికి ఏ శిక్షో కోర్టు చూసుకుంటుంది. ఆదివారం పాట అనుకోకుండా వచ్చిందే. దాన్ని పట్టుకుని ఒక మనిషిని రెండు రోజులు లాకప్‌లో కూర్చోబెట్టింది మాత్రం కోపం కాదు."

పెద్ద కొడుకు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఇక ఒక్కటే ప్రశ్న. పాట ఆపాలంటే ఈ గదిలోనే మీట ఉంది. ఆ వచ్చిన మనిషి దాన్ని ముట్టుకోలేదు. ఎలా ఆపాలో తెలియదు కాబట్టి. తలుపు లాగేసి కిందికెళ్లి మేడ స్విచ్ తీసేశాడు. అది ఆ పూట తట్టిన ఆలోచన కాదు, ఏళ్ల అలవాటు. ఆ స్విచ్ మీద దుమ్ము నిలవనంత అలవాటు." ఆమె చిన్న కోడలి ముందు గొంతుక్కూర్చుంది. "నువ్వు ఈ ఇంటి మనిషివి. నువ్వే చెప్పు. ఈ ఇంట్లో పాట నచ్చనప్పుడల్లా కింద కరెంటు తీసేది ఎవరు?"

ఆమె చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది. తల ఎత్తింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చాక మొదటిసారి, కిటికీ దగ్గరున్న మనిషిని సూటిగా చూసింది.

"మా బావగారు," అంది. "ఆయనొక్కరే."